కన్యాశుల్కము విద్యార్థులు చదువదగిన గ్రంథమేనా?

విద్యార్థుల చేతికి ఏ గ్రంథమును ఈయవలెను, దేనిని ఈయరాదు అను ప్రశ్న ప్రతి పాఠశాలయందును ఏటేట పుట్టుచునే యుండును. నీతిశతకములనుగూర్చి ఎవరికిని సందేహము లేదు. మహాపురుషుల చరిత్రములనుగూర్చియు లేదు. సందేహమంతయు నవ్వించు గ్రంథములనుగూర్చియే. అందును, పెద్దలను, పండితులను, ఆచారములను, కడకు చదువు చెప్పువానిని గూడ నవ్వులపాలు చేయు గ్రంథమైనచో తలిదండ్రులకు కలవరమును, ఉపాధ్యాయులకు సంకోచమును కలుగుట సహజము. తెలుగున అట్టి గ్రంథములలో మొదట లెక్కింపదగినది గురజాడ అప్పారావుగారి కన్యాశుల్క నాటకము. దానిని మేము ఇటీవల ఆద్యంతము మరల చదివితిమి. బాల్యమున చదివినప్పుడు గిరీశము మాటలకు నవ్వితిమి. ఇప్పుడు నవ్వు వచ్చిన చోటులనే ఆలోచనయు వచ్చినది. సంఘమునెదిరించుట యనగా నేమి, ఎవరు ఎదిరించినచో అది మేలగును, ఎవరు ఎదిరించినచో అది వట్టి వేషమగును అను విషయమును ఈ నాటకము బోధించినట్లు మరియొక తెలుగు గ్రంథము బోధింపలేదని మా అభిప్రాయము. ఆ అభిప్రాయమును మా విద్యార్థుల యెదుటను, వారి తలిదండ్రుల యెదుటను ఉంచుచున్నాము.

కన్యాశుల్కమనగా పెండ్లికూతురి తండ్రి వరునివద్ద పుచ్చుకొను సొమ్ము. పందొమ్మిదవ శతాబ్దమున విశాఖపట్టణ మండలములోని బ్రాహ్మణ కుటుంబములలో ఈ యాచారము మిక్కిలి ప్రబలియుండెను. విజయనగరపు మహారాజగు ఆనందగజపతిగారు ఆ మండలమున జరిగిన శుల్కవివాహముల పట్టికను వ్రాయించిరి. మూడు సంవత్సరములలో 1034 వివాహములు లెక్కకు వచ్చినవి. అందు వధువు వయస్సు అయిదేండ్లుగా నుండినవి 99, నాలుగేండ్లవి 44, మూడేండ్లవి 36, రెండేండ్లవి 6, ఒక్క యేడు నిండిన పసికందు వధువుగా నుండినవి 3. సొమ్ము పుచ్చుకొంటిమని ఒప్పుకొనుటకు ఎవరికిని నిర్బంధము లేదు కావున ఈ పట్టిక సంపూర్ణమైనదియు కాదు. ఈ లెక్కలను అప్పారావుగారు తమ గ్రంథమునకు ఆంగ్లమున వ్రాసిన పీఠికలో ఉదాహరించిరి. తల్లి గర్భమునందున్న శిశువునకే బేరము కుదుర్చుకొనుటయు ఉండెడిదని ఆ పీఠికయే తెలుపుచున్నది.

ఈ అంకెలను చదువరులు ఒక్క నిమిషము నిలిచి చూతురుగాక. ఈ పసిబిడ్డల భర్తలలో పెక్కురు వయస్సు చెల్లినవారు. భర్త మరణించినచో ఆ బాలిక ఏడెనిమిదేండ్ల ప్రాయముననే వితంతువు. తరువాతి జీవితమంతయు తల గొరిగించుకొని వంటయింటి మూల గడుపవలసినదే. 1856వ సంవత్సరముననే వితంతువుల పునర్వివాహమును చట్టము అంగీకరించెను. కాని చట్టము పుస్తకములో నుండెను. ఆచారము ఇంటిలో నుండెను. తెలుగునాట తొలి వితంతు వివాహమును కందుకూరి వీరేశలింగము పంతులుగారు రాజమహేంద్రవరమున జరిపించుటకు 1881 డిసెంబరు 11వ తేదీ వరకును ఆగవలసివచ్చెను. అనగా చట్టము పుట్టిన పిమ్మట ఇరువదియైదు సంవత్సరములు గడచినవి.

అట్టి కాలమున 1892వ సంవత్సరమున విజయనగరమందు కన్యాశుల్కము మొదటిసారి ప్రదర్శింపబడెను. 1897లో అచ్చుపడెను. 1909లో అప్పారావుగారు దానిని పెంచి, మార్చి, అయిదంకముల నాటకమును ఏడంకములుగా మరల ప్రకటించిరి. నేడు మనము చదువుచున్నది ఆ రెండవ కూర్పే. ఇంతటి దుఃఖకరమైన విషయమునుగూర్చి వ్రాయబూనినవారు హాస్యమును ఏల ఆశ్రయించిరి? ఏడ్పించు నాటకమును వ్రాసిన బాగుండెడిది కాదా? ఉపన్యాసము నిచ్చిన చాలదా?

దీనికి సమాధానము మన పాఠశాలలోని పిల్లలకు తెలిసిన కథయందే యున్నది. దావీదు మహారాజు పరుని భార్య నపహరించి, ఆమె భర్తను యుద్ధమున చంపించినప్పుడు ప్రవక్తయగు నాతాను రాజునొద్దకు వెళ్లి ముఖముమీద నిందింపలేదు. గొప్ప మందలు గల ధనికుడొకడు బీదవాని యొక్కగానొక్క గొఱ్ఱెపిల్లను లాగికొనిన కథ చెప్పెను. రాజు కోపించి ఆ ధనికునకు తానే శిక్ష విధించెను. పిమ్మటగదా ఆ ధనికుడు తానేయని తెలిసికొనెను! ప్రబలులైనవారికి తప్పు తెలుపుటకు కథ రాజమార్గము. నాతాను కథ కోపమును పుట్టించెను. అప్పారావుగారి కథ నవ్వును పుట్టించెను. ప్రయోజన మొక్కటియే. నాటకశాలలో లుబ్ధావధానులను చూచి నవ్విన గృహస్థు ఇంటికి పోయి తన కూతురికి బేరము పెట్టుకొనవలెనన్న తన నవ్వే తనకు అడ్డము వచ్చును. ఉపన్యాసకునిపై కోపగించుకొనవచ్చును గాని తన నవ్వుపై ఎవడు కోపగించుకొనగలడు?

కథ తెలియని చిన్నతరగతుల విద్యార్థులకొరకు క్లుప్తముగా చెప్పెదము. కృష్ణరాయపురాగ్రహారమున అగ్నిహోత్రావధానులను కోపిష్ఠి బ్రాహ్మణుడు కలడు. పెద్దకూతురు బుచ్చమ్మ చిన్నతనముననే వితంతువైనది. అది చూచియు ఆయన రెండవ కూతురగు సుబ్బిని ముసలివాడును పిసినారియునగు లుబ్ధావధానులకు సొమ్మునకు ఆశపడి ఈయదలచెను. తల్లి వెంకమ్మ ఏడ్చి, బ్రతిమాలి, ప్రాణత్యాగమునకైనను సిద్ధపడినది. ఆమె సోదరుడు కరటకశాస్త్రి తన శిష్యునకు ఆడవేషము వేసి, వానినే కన్యగా లుబ్ధావధానులకు అమ్మి, సుబ్బి వివాహమును తప్పింప పన్నుగడ పన్నెను. ఇంతలో కొడుకు వెంకటేశమునకు చదువు చెప్పు నెపమున గిరీశము ఆ యింట చేరి బుచ్చమ్మను లేవదీసికొనిపోయెను. ఆడవేషపు పిల్లవాడు మాయముకాగా లుబ్ధావధానులపై హత్యానేరము పడెను. తుదకు మధురవాణి యను వేశ్య విశాఖపట్టణమున సౌజన్యారావు పంతులను న్యాయవాదికి నిజము తెలుపగా చిక్కులన్నియు విడిపోయెను.

ఈ కథయందు సంఘమునెదిరించినవారు ముగ్గురు. వారిని ఒకరి ప్రక్క నొకరిని నిలిపి చూచిననే గాని గ్రంథతాత్పర్యము తెలియదు.

మొదటివాడు గిరీశము. సంఘసంస్కరణమునుగూర్చి అతడు మాటలాడినట్లు ఎవరును మాటలాడలేరు. బాల్యవివాహములు కూడవనును, వితంతువులకు పెండ్లి చేయవలెననును, వేశ్యల పొత్తు తగదనును. అతని నోట వచ్చు ప్రతి సంస్కారవాక్యమును విడిగా తీసి చూచిన అందు తప్పులేదు. కాని అతడు పూటకూళ్లమ్మ సొమ్ము తినినవాడు; మధురవాణి యింట కాలము గడపినవాడు; శిష్యునకు చదువునకు బదులు చుట్ట త్రాగుట నేర్పినవాడు. అతని తిరుగుబాటునకు అతడు ఒక్క దమ్మిడీయైనను ఖర్చు పెట్టలేదు. పూటకూళ్లమ్మ చెల్లించినది, వెంకటేశము పరీక్ష తప్పి చెల్లించెను, లోకమెరుగని బుచ్చమ్మ ఇల్లు విడిచి చెల్లించినది. పెట్టుబడి పరులది, పేరు తనది.

రెండవవాడు కరటకశాస్త్రి. ఇతని యుద్దేశము మంచిది. మేనకోడలిని రక్షించుట కంటె మంచి కార్య మేమున్నది? కాని అతడు అబద్ధమును ఆయుధముగా పట్టెను. అబద్ధము తన పని ముగిసిన పిమ్మట చెప్పినచోట ఆగదు. ముసలివాడు లోభియే కావచ్చును, మూర్ఖుడే కావచ్చును. హంతకుడు మాత్రము కాడు. చేయని హత్యకు వాడు ఉరికంబము నీడను చూడవలసివచ్చెను. మంచి ఫలితముకొరకు వంచన చేయవచ్చునా అను ప్రశ్నను గ్రంథకర్త ఇచ్చట ఉపన్యాసముగా చర్చింపలేదు. నవ్వించుచునే చిక్కును చూపి ఊరకుండిరి. అతనిని మేము పూర్తిగా నిందింపజాలము. పూర్తిగా మెచ్చుకొననును జాలము. పై తరగతుల విద్యార్థులు దీనిని వక్తృత్వసభలో చర్చించిన బాగుండును.

మూడవది మధురవాణి. సంఘము ఆమెను వెలియందుంచినది. భోగమువారి పొత్తు కూడదని నియమము గల సౌజన్యారావు పంతులవారి యింటికి ఆమె పురుషవేషమున పోవలసివచ్చెను. ఆమె సంస్కరణోపన్యాసము లీయలేదు. ఒక బాలికకు కీడు తప్పుటకు సాయపడెను. పిమ్మట ఒక నిరపరాధి చిక్కుపడగా, తనకు సంబంధములేదని ఊరకుండదగినప్పటికిని పోయి నిజము చెప్పెను. ధనము ఆశింపలేదు. ఆ నిజము చెప్పుటవలన అవమానము వచ్చిన తనకే రావలెను. నష్టము వచ్చిన తనకే రావలెను. సత్పురుషుడైన పంతులవారు సహితము ఆమెను చూచిన పిమ్మటనే, నియమము వేరు, దయ వేరు అని గ్రహించిరి.

ఇప్పుడు మా అభిప్రాయమును సూటిగా చెప్పెదము. కన్యకు శుల్కమున్నట్లే తిరుగుబాటునకును శుల్కమున్నది. ఆ శుల్కమును ఎవరు చెల్లించుచున్నారని అడుగవలెను. సంఘమునెదిరించువాడు తానే చెల్లించినచో అది ధర్మము. తనకంటె బలహీనుల చేత చెల్లింపజేసినచో అది గిరీశపు వేషము. వీరేశలింగము పంతులుగారు వితంతు వివాహములు చేయించి వెలియును నిందలును తామే భరించిరి. అందువలననే వారి మాటకు బలము కలిగెను. మా విద్యార్థులు ఏ నాయకుని మాట విన్నను, ఏ ఉద్యమమున చేరదలచినను, తాము స్వయముగా ఏ యాచారమునైన త్రోసివేయ నెంచినను, మొదట ఈ ప్రశ్న వేసికొందురుగాక.

ఈ గ్రంథము చేసిన తిరుగుబాటు మరియొకటి గలదు. అది భాషయందు. పండితులు గ్రాంథికమున తప్ప వ్రాయరాదన్న కాలమున అప్పారావుగారు జనులు మాటలాడు తెలుగున నాటకము వ్రాసి, అందులకు కారణములను పీఠికలో చెప్పుకొనిరి. పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా నుండిన గిడుగు రామమూర్తి పంతులుగారును వారును కలిసి పాఠశాలలలో వాడుకభాషకు స్థానము కావలెనని పోరాడిరి. 1914లో మదరాసు విశ్వవిద్యాలయమునకు అప్పారావుగారు తమ అసమ్మతిపత్రమును సమర్పించిరి. ఇంత చెప్పుచున్న మేము ఈ వ్యాసమును గ్రాంథికమున వ్రాయుచుండుట చూచి కొందరు విద్యార్థులు నవ్వవచ్చును. నవ్వనిండు. ఈ సంచికయొక్క మర్యాద ఇట్టిది. కాని తరగతిలో భూగోళమును, గణితమును పిల్లలకు బోధించునప్పుడు మేము ఈ భాష వాడుట లేదు. ఆ స్వాతంత్ర్యము ఊరక రాలేదని మాత్రము వారు తెలిసికొనవలెను. వీరేశలింగముగారు, అప్పారావుగారు, రామమూర్తిగారు, ఈ మువ్వురును బడిలో పాఠము చెప్పినవారే. తెలుగు సంఘమును కదలించిన పెద్ద తిరుగుబాటులు నల్లబల్లయొద్ద నిలిచినవారివలన కలిగినవని తలంచుకొనుట మా వృత్తివారికి గర్వకారణము, హెచ్చరికయును.

కన్యాశుల్కము విజయనగరపు గ్రంథము. మన ఓరుగంటి కేమి సంబంధమని అడుగువారుందురు. అది అచ్చయిన కాలమున మన వరంగల్లు నిజాము రాజ్యములో నుండెను. కచేరీలలో ఉర్దూ. తెలుగు పుస్తకము దొరకుటయే కష్టము. అట్టి దినములలో 1904వ సంవత్సరమున హనుమకొండయందు రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయము వెలసెను. తెలుగు పుస్తకమును ఒక బల్లమీద పెట్టి, వచ్చి చదువుకొనుడని తలుపు తెరచుటయే ఆ కాలమున ఒక విధమైన ఎదిరింపు. కేకలు లేవు, కత్తులు లేవు; ఒక తలుపు, కొన్ని పుస్తకములు. పిమ్మట ఈ నగరముననే జీవించిన కాళోజీ నారాయణరావుగారు నిజాము కాలమున చెరసాలకు పోయిరి. తమ కవితకు 'నా గొడవ' అని పేరు పెట్టి, బడిలో నేర్చిన భాషకంటె జనుల నోటి పలుకే గొప్పదని జీవితమంతయు వాదించిరి. విజయనగరమున అప్పారావుగారు పట్టిన దారికిని ఓరుగంట కాళోజీగారు నడిచిన దారికిని చుట్టరికము లేదనగలమా? కాళోజీగారి జన్మదినమగు సెప్టెంబరు 9వ తేదీని తెలంగాణ భాషాదినోత్సవముగా జరుపుకొనునప్పుడు మా విద్యార్థులు ఈ చుట్టరికమును జ్ఞాపకము చేసికొందురుగాక.

ఇక ఆక్షేపణలకు వత్తము. ఇందు వేశ్య యున్నది, చుట్టలున్నవి, అబద్ధములున్నవి, పెద్దలయెడ అగౌరవమున్నది అందురు. ఉన్నవి, నిజమే. కాని పరిశుద్ధ గ్రంథమునందు దావీదు పాపమును దాచలేదే! దోషము వ్రాయబడియుండుట వేరు, దోషము మెచ్చుకొనబడుట వేరు. ఈ నాటకము చదివి గిరీశము కావలెనని కోరు బాలుని మేము చూడలేదు. తనలోని గిరీశమును పట్టుకొని సిగ్గుపడిన బాలురను చూచితిమి. పెద్దలయెడ అగౌరవమందురా, అగ్నిహోత్రావధానులను నవ్వులపాలు చేసినది గ్రంథకర్త కాదు, ఆయన ధనాశయే. ఎనిమిదవ తరగతి లోపలి పిల్లలకు మాత్రము దీనిని ఉపాధ్యాయుని ప్రక్కన కూర్చుండి చదువుట మేలని మా సలహా. పై తరగతులవారికి దీనిని దాచుట వ్యర్థము. దాచిన గ్రంథమును బాలురు దొంగచాటుగా చదువుదురు, అప్పుడు గిరీశము మాత్రమే కనబడును, మధురవాణి కనబడదు.

తలిదండ్రులతో ఒక మాట. కన్యాశుల్కము పోయినదని మనము సంతోషించుచున్నాము. 1929వ సంవత్సరపు చట్టము బాల్యవివాహములను అడ్డగించెను. 1978లో వధువునకు 18, వరునకు 21 ఏండ్లుండవలెనని నిర్ణయమైనది. 2006లో మరియొక చట్టము వచ్చెను. కాని త్రాసు మాత్రము విరుగలేదు, తట్టలు మారినవి. నాడు కన్యకు వెల కట్టిన లోకము నేడు వరునకు వెల కట్టుచున్నది. 1961 నుండియు వరకట్నము నేరము. అయినను కట్నము మాటలాడుకొనని పెండ్లి ఎన్ని యిండ్లలో జరుగుచున్నది? ఇది హిందువుల దురాచారము, మనకు సంబంధములేదని క్రైస్తవ కుటుంబములు అనుకొనుటకు వీలులేదు. ఆదివారమున ఆలయమున ఒక బల్లపై కూర్చుండినవారే సోమవారమున కట్నముయొక్క మొత్తమునుగూర్చి బేరమాడుకొనుట లోకమెరిగినదే. కట్నమునకు సొమ్ము చాలదను భయముచేత పదవ తరగతితో కూతురి చదువు మాన్పించు తండ్రి, ఆ సొమ్మునే ఆమె చదువునకు వెచ్చించిన నేమగునో ఆలోచింపవలెను.

ఈ విషయమున నాటకపు ముగింపు మాకు మిక్కిలి ప్రియమైనది. బుచ్చమ్మ గతి యేమైనది? గిరీశమునకిచ్చి పెండ్లి చేసి మంగళము పాడినచో ప్రేక్షకులు సంతోషించియుందురు. గ్రంథకర్త అట్లు చేయలేదు. సౌజన్యారావు పంతులు ఆమెను పూనాలోని వితంతు శరణాలయమునకు చదువుకొనుటకు పంపుటకు నిశ్చయించిరి. ఆ కాలమున పూనాయందు పండిత రమాబాయిగారు 1890లో బొంబాయినుండి తెచ్చి స్థాపించిన శారదాసదనమును, 1896లో కర్వేగారు నెలకొల్పిన వితంతు గృహమును అట్టి దిక్కులేని స్త్రీలకు చదువు చెప్పుచుండెను. తెలుగున అంతగా నవ్వించిన నాటకము ఒక బాలికను బడికి పంపుటతో ముగియుచున్నదని ఎందరు గమనించిరి? మొదట చదువు, తరువాత ఆమె యిష్టము. సంఘమునెదిరించుటకు ఇంతకంటె నిశ్శబ్దమైన మార్గము లేదు, ఇంతకంటె బలమైనదియు లేదు.

విద్యార్థులారా! నేడు సంఘసంస్కరణమునుగూర్చి మాటలాడుట మిక్కిలి సులభము. చేతిలోని ఫోనునందు నాలుగు వాక్యములు వ్రాసిన చాలును, నలువురు మెచ్చుకొందురు. గిరీశమునకు ఆ సాధనము లేకపోయెను గాని ఉండినచో ఎంత బాగుగా వాడుకొనియుండెడివాడో ఊహించుకొనుడు. మీరు అట్లు కావలదు. బాలురారా, మీ పెండ్లినాడు కట్నము వలదని మీ తండ్రితో మీ యింటనే చెప్పుడు. దాని శుల్కము మీకు తెలియును. బాలికలారా, చదువు మానుమన్ననాడు వినయముగా, కాని మానక అడుగుడు. మా ఉపాధ్యాయులలో నొకరిని వెంటబెట్టుకొని పోవలసివచ్చినను సంకోచింపకుడు. మేము వత్తుము.

కన్యాశుల్కము మా గ్రంథాలయమున ఉండదగిన గ్రంథమే. నవ్వుచు చదువుడు, నవ్వు ఆగిన చోట పుటను త్రిప్పక ఒకింతసేపు నిలువుడు.